ఇంటి మాట తెలిస్తే ఇంగ్లీషు తప్పు దొరుకుతుంది



సంఘం మీ ముందు పెట్టే వార్షిక లెక్కల్లో ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు కనిపిస్తాయి. లెక్కకు రాని ఖర్చు ఒకటుంది. పదో తరగతి మంచి మార్కులతో పాసై, ఇంటరు చదివి, డిగ్రీ చేతికొచ్చిన పిల్లవాడు ఇంటర్వ్యూ గదిలో జవాబు తెలిసీ నోరు విప్పలేకపోవడం. తప్పు మాట్లాడతానేమో అన్న భయం అతణ్ణి ఆపుతుంది. మీరు అన్నేళ్లు కట్టిన ఫీజు ఆ ఒక్క నిమిషం దగ్గర ఆగిపోతుంది.

కోటవురట్ల మండలంలోనూ, నర్సీపట్నం చుట్టుపక్కలా మన పిల్లలు రెండు భాషల మధ్య పెరుగుతున్నారు. కొన్ని ఇళ్లలో ఉర్దూ, కొన్ని ఇళ్లలో తెలుగు, వీధిలో అందరికీ తెలుగు. బడిలో మూడో భాషగా ఇంగ్లీషు ఎదురవుతుంది. ఏళ్ల తరబడి తరగతి గదిలో మేము గమనించింది ఒకటే. పిల్లలు ఇంగ్లీషులో చేసే తప్పుల్లో చాలావాటికి కారణం తెలివితక్కువతనం కాదు. ఇంటి భాష వాక్యాన్ని ఎలా కడుతుందో ఇంగ్లీషును కూడా వాళ్లు అలాగే కడతారు. తప్పు వేరు ఇంటి మాటలో ఉంది కాబట్టి దాన్ని పట్టుకోవడానికి ఇంటి మాట తెలిస్తే చాలు. ఇంగ్లీషు అంతగా రాని తండ్రి, తల్లి, దాత కూడా ఈ పనిలో సాయపడవచ్చు. ఈ పాఠం అందుకోసమే.

1. ‘ఎ’ ఎక్కడ, ‘యాన్’ ఎక్కడ?

ఎ, ఇ, ఐ, ఓ, యు అనే ఐదు అక్షరాల ముందు ‘యాన్’ రావాలని పిల్లలు వల్లెవేస్తారు. తరువాత ‘యాన్ యూనివర్సిటీ’ అనీ, ‘ఎ అవర్’ అనీ రాస్తారు. నియమం చూడాల్సింది రాసే అక్షరాన్ని కాదు, పలికే శబ్దాన్ని. మన పిల్లలకు ఇక్కడ మంచి సాధనం ఉంది, తెలుగు లిపి. ఆ ఇంగ్లీషు మాటను తెలుగులో రాయించండి. మొదటి అక్షరం అచ్చు అయితే ‘యాన్’, హల్లు అయితే ‘ఎ’.

అవర్: ‘అ’ అచ్చు. కాబట్టి ‘యాన్ అవర్’.
యూనివర్సిటీ: ‘య’ హల్లు. కాబట్టి ‘ఎ యూనివర్సిటీ’.
ఎమ్మెల్యే: ‘ఎ’ అచ్చు. కాబట్టి ‘యాన్ ఎమ్మెల్యే’.
వన్ రూపీ కాయిన్: ‘వ’ హల్లు. కాబట్టి ‘ఎ వన్ రూపీ కాయిన్’.

ఒక్క జాగ్రత్త. మన వైపు ‘ఎగ్’ను ‘యెగ్గు’ అంటారు. అలా పలికినట్టే రాస్తే లెక్క తప్పుతుంది. ‘ఎగ్’ అని రాయించి చూడాలి. రెండు అచ్చులు ఒకదానికొకటి తగిలినప్పుడు తెలుగులో ‘మా అమ్మ’ను ‘మా యమ్మ’ అని మధ్యలో యకారం చేర్చి పలుకుతాం. దాన్ని యడాగమం అని బడిలో చెబుతారు. ఇంగ్లీషులో ఆ ‘న్’ చేసే పని కూడా అలాంటిదే అంటే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

2. ‘ద’ ఎప్పుడు?

తెలుగులో గానీ ఉర్దూలో గానీ ‘ద’ అన్న మాటకు సరిసమానమైన మాట లేదు. అందుకే పిల్లలు దాన్ని వదిలేస్తారు, లేదా ప్రతి మాటకూ తగిలిస్తారు. ఇంటి పరీక్ష ఇది. మనం చెప్పింది విన్న మనిషి ‘ఏది?’ అని అడుగుతాడా? అడిగే అవకాశం ఉంటే ‘ఎ’. అడగాల్సిన పని లేకపోతే ‘ద’.

‘మసీదు పక్కన కొట్టు ఉంది. కొట్టు శుక్రవారం మధ్యాహ్నం మూసేస్తారు.’ మొదటి వాక్యంలో కొట్టు కొత్తది, కాబట్టి ‘ఎ షాప్’. రెండో వాక్యానికి వచ్చేసరికి ఏ కొట్టో తెలిసిపోయింది, కాబట్టి ‘ద షాప్’. ఊళ్లో ఉన్నది ఒకే మసీదు, ఎవరూ ‘ఏ మసీదు?’ అని అడగరు. కాబట్టి మొదటినుంచీ ‘ద మాస్క్’.

3. ‘నుంచి’ తెచ్చే చిక్కు

‘నేను పదేళ్ల నుంచి కోటవురట్లలో ఉంటున్నాను’ అంటాం. ‘2015 నుంచి ఉంటున్నాను’ అని కూడా అంటాం. రెండు చోట్లా ‘నుంచి’ ఒకటే. ఉర్దూలో రెండు చోట్లా ‘సే’. ఇంగ్లీషు మాత్రం ఇక్కడ విడదీస్తుంది. ఎంత కాలమో చెబితే ‘ఫర్’. ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’. పిల్లలు ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అనడానికి కారణం ఇదే.

తెలుగులోనే దీనికి పరీక్ష ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘పదేళ్లుగా ఉంటున్నాను’ అనవచ్చు, అతుకుతుంది. అక్కడ ‘ఫర్’. ‘2015గా ఉంటున్నాను’ అనలేం, అతకదు. అక్కడ ‘సిన్స్’. ‘రెండు గంటలుగా’ అంటాం కాబట్టి ‘ఫర్ టూ అవర్స్’. ‘సోమవారంగా’ అనం కాబట్టి ‘సిన్స్ మండే’.

మరొకటి. మనం ‘ఉంటున్నాను’ అని వర్తమానంలో చెబుతాం. పని అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతోందని చెప్పేటప్పుడు ఇంగ్లీషు ‘హావ్ బీన్’ వాడుతుంది. సరైన వాక్యం: ‘ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ కోటవురట్ల ఫర్ టెన్ ఇయర్స్’.

4. నిన్న చూశాను, ఇదివరకే చూశాను

తెలుగులో రెండిటికీ ‘చూశాను’ సరిపోతుంది. ఇంగ్లీషులో అయిపోయిన కాలాన్ని పేరుపెట్టి చెబితే, అంటే నిన్న, పోయిన సోమవారం, కిందటి రంజాన్‌లో అని చెబితే, ‘హావ్’ రాకూడదు. ‘ఐ సా హిమ్ యెస్టర్‌డే’ సరి. ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ తప్పు. కాలం చెప్పకుండా, చూసిన సంగతి ఇప్పటికి పనికొస్తుందన్నట్టు చెబితే ‘ఐ హావ్ సీన్ హిమ్’ సరి.

ఇక్కడ ఉర్దూ ఇళ్ల పిల్లలకు కొంత వెసులుబాటు ఉంది. ‘దేఖా’ అనడానికీ, ‘దేఖా హై’ అనడానికీ తేడా వాళ్ల చెవికి ముందే తెలుసు. రెండు భాషల లెక్క పూర్తిగా ఒకటి కాదు గానీ, అక్కడ మొదలుపెడితే పాఠం సగం దూరం నడిచినట్టే.

5. గౌరవం క్రియలో లేదు

‘నాన్నగారు వస్తున్నారు’ అంటాం. ఉర్దూలో ‘అబ్బా ఆ రహే హైఁ’ అంటాం. రెండు భాషల్లోనూ పెద్దలకు బహువచనమే మర్యాద. అదే మర్యాదతో పిల్లవాడు ‘మై ఫాదర్ ఆర్ కమింగ్’ అంటాడు. అతని తప్పు వెనుక ఉన్నది సంస్కారం. దానికి కసురుకోకూడదు. ఇంగ్లీషులో గౌరవం మాటతీరులో, ‘సర్’, ‘మేడమ్’, ‘ప్లీజ్’ వంటి మాటల్లో కనిపిస్తుందనీ, క్రియ మాత్రం మనిషి ఒక్కరైతే ఏకవచనంలోనే ఉంటుందనీ చెప్పాలి. ‘మై ఫాదర్ ఈజ్ కమింగ్.’

‘హి’, ‘షి’ల తికమక కూడా ఇలాంటిదే. ఉర్దూలో ‘వో’ అన్నది అతనికీ ఆమెకూ ఒకటే, క్రియను బట్టి తేడా తెలుస్తుంది. ఇంగ్లీషులో ఆ తేడా సర్వనామంలోనే చూపాలి.

పాలు, నీళ్లు, వడ్లు మనకు బహువచనాలు. ‘పాలు ఉన్నాయి’ అంటాం. ఇంగ్లీషులో ‘మిల్క్’, ‘వాటర్’ ఏకవచనాలు. సలహాలు, సమాచారాలు, సామాన్లు అని మనం అనవచ్చు గానీ, ‘అడ్వైస్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘లగేజ్’ చివర బహువచనపు ‘ఎస్’ చేరదు. 

6. ‘అవును’ అంటే ఏమిటి?

ఈ పాఠాల్లో అన్నిటికంటే ముందు నేర్పాల్సింది ఇది. ‘నువ్వు అన్నం తినలేదా?’ అని అడిగితే, తినకపోతే మనం ‘అవును, తినలేదు’ అంటాం. ఉర్దూలోనూ ‘హాఁ, నహీఁ ఖాయా’ అంటాం. ఎదుటివారు అన్నదాన్ని ఒప్పుకుంటున్నాం కాబట్టి ‘అవును’. ఇంగ్లీషు ఎదుటివారి ప్రశ్నను చూడదు, జరిగిన సంగతిని చూస్తుంది. తినకపోతే ‘నో, ఐ హావెంట్’. తింటే ‘యెస్, ఐ హావ్’.

ఆపరేషనుకు ముందు డాక్టరు ‘హావెంట్ యు ఈటెన్?’ అని అడుగుతారు. కడుపు ఖాళీగా ఉండాలి. ఏమీ తినని రోగి మన అలవాటు కొద్దీ ‘యెస్’ అంటే తిన్నానని అర్థం. తిన్న రోగి ‘నో’ అంటే తినలేదని అర్థం, అది ఇంకా ప్రమాదం. పరాయి రాష్ట్రంలోనో, గల్ఫ్‌లోనో మన భాష రాని నర్సు ముందు ఈ ఒక్క మాట చాలా దూరం తీసుకుపోతుంది. పిల్లలకు చెప్పాల్సిన కిటుకు: జవాబు క్రియలో ‘లేదు’ ఉంటే ‘నో’తో మొదలుపెట్టు. ఒట్టి ‘యెస్’, ఒట్టి ‘నో’ చెప్పి ఊరుకోవద్దు. ‘ఐ హావెంట్ ఈటెన్’ అని వాక్యం పూర్తి చేయి.

వాక్యం చివర ‘కదా’ కూడా ఇంతే. మనం ‘వస్తాడు కదా’, ‘చూశావు కదా’ అని అన్ని చోట్లా ఒకే మాట వాడతాం. దాన్ని ‘ఈజింట్ ఇట్?’గా మార్చి ప్రతి వాక్యానికీ తగిలిస్తాం. ఇంగ్లీషులో ఆ ముక్క వాక్యంలోని క్రియను బట్టి మారుతుంది: ‘హి విల్ కమ్, వోంట్ హి?’, ‘యు సా ఇట్, డిడంట్ యు?’

7. ఒక తెలుగు మాటకు రెండు ఇంగ్లీషు మాటలు

అప్పు: పుచ్చుకునేవాడికీ అప్పే, ఇచ్చేవాడికీ అప్పే. ఇంగ్లీషులో పుచ్చుకుంటే ‘బారో’, ఇస్తే ‘లెండ్’. ‘ప్లీజ్ బారో మి యువర్ పెన్’ తప్పు. ‘ప్లీజ్ లెండ్ మి యువర్ పెన్’ సరి.

చెప్పు: ‘సే’, ‘టెల్’ రెండూ చెప్పడమే. ఎవరికి చెప్పాడో క్రియ వెంటనే వస్తే ‘టోల్డ్’: ‘హి టోల్డ్ మి’. రాకపోతే ‘సెడ్’: ‘హి సెడ్ దట్ హి వుడ్ కమ్’. మన దక్కనీ ఉర్దూలో ‘ఆతా బోల్‌కే బోలా’ అనే పద్ధతి ఉంది. ఆ ‘బోల్‌కే’ తెలుగు ‘అని’ని చూసి ఏర్పడిందే. భాషలు పక్కపక్కన బతికితే ఒకదాని కట్టుబడి మరొకదానిలోకి వెళ్లడం సహజమని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. ఇంగ్లీషులోకీ మన కట్టుబడి అలాగే వెళ్తోంది.

విభక్తులు: ‘నా మీద కోపం’ కాబట్టి ‘యాంగ్రీ ఆన్ మి’ అంటారు, ‘యాంగ్రీ విత్ మి’ అనాలి. ‘అతనితో పెళ్లి’ కాబట్టి ‘మ్యారీడ్ విత్’ అంటారు, ‘మ్యారీడ్ టు’ అనాలి. ‘లెక్కల్లో గట్టివాడు’ కాబట్టి ‘గుడ్ ఇన్ మ్యాథ్స్’ అంటారు, ‘గుడ్ ఎట్ మ్యాథ్స్’ మేలు. ‘దాని గురించి చర్చించాం’ కాబట్టి ‘డిస్కస్డ్ ఎబౌట్’ అంటారు, ‘డిస్కస్డ్’ ఒక్కటే చాలు. ‘ఉపవాసంలో ఉన్నాను’ కాబట్టి ‘ఐ యామ్ ఇన్ ఫాస్టింగ్’ అంటారు, ‘ఐ యామ్ ఫాస్టింగ్’ అనాలి. వీటికి నియమం లేదు, జంటలుగా గుర్తుపెట్టుకోవాలి.

8. దరఖాస్తు ఫారంలోని ఇంగ్లీషు

ఉపకార వేతనం దరఖాస్తులో వ్యాకరణం కన్నా మాటల అర్థం ముఖ్యం. ‘పర్ ఆనమ్’ అంటే ఏడాదికి. అక్కడ నెల సంపాదన రాయకూడదు. ‘సర్‌నేమ్’ అంటే ఇంటిపేరు, ‘గివెన్ నేమ్’ అంటే పెట్టిన పేరు. ‘స్పౌజ్’ అంటే భార్య లేదా భర్త. ‘బ్లాక్ లెటర్స్’ అంటే పెద్ద అక్షరాలు, విడివిడిగా.

మన పేర్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ‘షేక్’ను ఇంగ్లీషులో కొందరు చివర ‘కె’తో ఆపుతారు, కొందరు దాని పక్కన ‘హెచ్’ చేరుస్తారు. మధ్యలో కొందరు ‘ఎ’, ‘ఐ’ రాస్తారు, కొందరు ‘ఇ’, ‘ఐ’ రాస్తారు. ‘మొహమ్మద్’ కొన్నిచోట్ల ‘ఓ’తో, కొన్నిచోట్ల ‘యు’తో కనిపిస్తుంది. భాష లెక్కన అన్నీ సరైనవే. కానీ కంప్యూటరు అర్థాన్ని చూడదు, అక్షరాలను పోల్చుతుంది. ఆధార్‌లో ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఒకటి ఉంటే దరఖాస్తు చిక్కుల్లో పడుతుంది. బడిలో చేర్చిన రోజే ఒక రూపం నిర్ణయించుకుని, అన్ని చోట్లా దాన్నే వాడాలి. తేడా ఇప్పటికే ఉంటే పదో తరగతికి ముందే సరిచేయించడం మంచిది.

9. మన ఇంగ్లీషు అంతా తప్పు కాదు

‘లాక్’, ‘క్రోర్’, ‘ప్రీపోన్’ మన దేశంలో అందరికీ తెలిసిన మాటలు. ‘ప్రీపోన్’ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. ‘వాటీజ్ యువర్ గుడ్ నేమ్?’ అనడంలో ‘ఇస్మె షరీఫ్’ అని అడిగే మన మర్యాద ఉంది. వీటిని మనవాళ్లతో నిస్సంకోచంగా వాడుకోవచ్చు. విదేశంలో ఉన్నవారికి రాసేటప్పుడు మాత్రం ‘టెన్ లాక్’ బదులు ‘వన్ మిలియన్’ అనాలి. కాలేజీ చదువు పూర్తయిందనడానికి ‘పాస్డ్ అవుట్’ అని రాయకూడదు. చాలాచోట్ల దానికి స్పృహ తప్పి పడిపోయాడని అర్థం. ‘గ్రాడ్యుయేటెడ్’ అని రాయాలి.

ఇంగ్లీషు పరాయి సొత్తు అన్న బెరుకు పోవడానికి పిల్లలకు ఈ సంగతులు చెబుతాం. ‘ఆల్జీబ్రా’ అరబ్బీ ‘అల్-జబ్ర్’ నుంచి వచ్చింది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఆ శాస్త్రం మీద గ్రంథం రాసిన అల్-ఖ్వారిజ్మీ పేరే ‘అల్గారిదమ్’ అయింది. ‘జీరో’ వెనుక ‘సిఫ్ర్’ ఉంది. ‘బాండికూట్’ మన తెలుగు పందికొక్కే. అనకాపల్లి బెల్లాన్ని ఇంగ్లీషులో ‘జాగరీ’ అంటాం, పంచదారను ‘షుగర్’ అంటాం. రెండూ సంస్కృత ‘శర్కర’ నుంచి బయలుదేరి వేరు వేరు దారుల్లో ఇంగ్లీషు చేరిన మాటలే. ఆ భాషలో మన వాటా కూడా ఉంది.

10. పెద్దలు నడిచిన దారి

రెండు భాషలను పక్కపక్కన పెట్టి నేర్పడం కొత్త పద్ధతి కాదు. సి.పి.బ్రౌన్ ఇంగ్లీషువారి కోసం 1840లో తెలుగు వ్యాకరణం ప్రచురించాడు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో పాఠాలు చెబుతూనే ఇంగ్లీషును తప్పనిసరి చేసింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ ఇంగ్లీషు-ఉర్దూ నిఘంటువు 1937లో వెలువడింది. మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో 2020-21 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇంటి భాషను చిన్నచూపు చూసి ఇంగ్లీషు నేర్పాలని వీటిలో ఏదీ చెప్పలేదు.

అభ్యాసం

ఇంట్లో పిల్లలతో చేయించండి. ఈ వాక్యాలను సరిచేయాలి.

1. మై మదర్ ఆర్ కమింగ్ టుమారో.
2. హి ఈజ్ వర్కింగ్ ఇన్ విశాఖపట్నం సిన్స్ త్రీ మంత్స్.
3. ఐ హావ్ పెయిడ్ ద ఫీ లాస్ట్ మండే.
4. షి ఈజ్ యాన్ యూనివర్సిటీ స్టూడెంట్.
5. హి సెడ్ మి ద న్యూస్.
6. ‘డిడంట్ యు గో?’ ‘యెస్, ఐ డిడంట్ గో.’

జవాబులు: 1. ‘ఆర్’ బదులు ‘ఈజ్’. 2. హి హాజ్ బీన్ వర్కింగ్ ఇన్ విశాఖపట్నం ఫర్ త్రీ మంత్స్. 3. ఐ పెయిడ్ ద ఫీ లాస్ట్ మండే. 4. ‘యాన్’ బదులు ‘ఎ’. 5. ‘సెడ్’ బదులు ‘టోల్డ్’. 6. ‘యెస్’ బదులు ‘నో’.

దాతలకు మనవి

మీ జకాత్, మీ సదఖా ఫీజు వరకు చేరుతోంది. దానితో పాటు వారానికి ఒక గంట అడుగుతున్నాం. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. ఒక పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, అతను రాసిన వాక్యాన్ని ‘ఇంటి మాటలో చెప్పు బాబూ’ అని అడగండి. అతను చెబుతాడు. ‘గా’ పెట్టి చూడు, ‘ఏది?’ అని అడిగి చూడు, ‘లేదు’ ఉందేమో చూడు అనండి. తప్పు అతనికే దొరుకుతుంది. దొరికినప్పుడు నవ్వకండి, నలుగురిలో ఎత్తి చూపకండి. ఒకసారి నవ్వులపాలైన పిల్లవాడు ఏడాది పాటు నోరు విప్పడు. తప్పు మాట్లాడే పిల్లవాణ్ణి సరిదిద్దడం మాకు చేతనవును. మాట్లాడటమే మానేసిన పిల్లవాడికి ఏ పాఠమూ చెప్పలేం.

అల్లాహ్ మీ దానాన్నీ, మీ సమయాన్నీ స్వీకరించుగాక. ఆమీన్.